గురక తగువులో తెగిన నిచ్చెన

నేను ఒక నిచ్చెనను. మీరు మనుషులను ముఖం చూసి గుర్తుపడతారు, నేను అరికాలిని బట్టి పోల్చుకుంటాను. కోపంలో ఉన్నవాడు మెట్టును తన్నినట్టు తొక్కుతాడు. భయపడేవాడు కాలివేళ్ళతో కరుచుకుంటాడు. అటక మీద బెల్లం దిమ్మ ఉందని తెలిసిన పిల్ల అసలు బరువే లేనట్టు ఎక్కిపోతుంది. ఎవరైనా సరే, పైకి చేరగానే నన్ను మరిచిపోతారు. దిగవలసి వచ్చినప్పుడు మళ్ళీ నా కోసం కేకలు వేస్తారు. దీనికి నేను ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది ఒక్కసారే, అదీ నన్ను నడుముకు కోసినప్పుడు.

కురుపాం కొండల్లో నేను టేకుచెట్టును. నిచ్చెననయింది మాత్రం పాలకొండ గెడ్డవీధిలో, కోతుల పుణ్యమా అని. ఆ వీధిలో ఒకే గోడకు అటొకటి ఇటొకటిగా రెండు పెంకుటిళ్ళు ఉండేవి. వెనక రెండింటికీ కలిపి ఒకే పెరడు, ఒకే నుయ్యి. తూర్పు ఇల్లు తవిటినాయుడిది. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. పొడుగు మనిషి, మెడలో ఎప్పుడూ ఒక ఈల, మీసాలు నిద్రలో కూడా అటెన్షన్‌లో ఉండేవి. పడమటి ఇల్లు అప్పలసూరిది. ఆయన దర్జీ. పుల్లలాంటి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక టేపు. ఇద్దరూ చుట్టాలేమీ కారు గాని, ఒకరు "బావా" అంటే ఇంకొకరు "బావా" అని పలికేవారు.

ఒక ఏడాది వానలకు ముందు కోతుల గుంపొకటి వచ్చి ఆ రెండిళ్ళ మీద కూర్చుంది. పెంకులను ఒక్కొక్కటే ఎత్తి, కింద ఏముందో చూసి, నచ్చక పక్కన పారేసింది. ఆ సాయంత్రమే వాన. తూర్పింట్లో మాస్టారి ఖాకీ నిక్కర్లు, పడమటింట్లో ఎవరి పెళ్ళికో కుట్టిన జాకెట్లు ఒక్కతీరుగా నానిపోయాయి. మర్నాడే బావలిద్దరూ వడ్రంగిని పిలిపించి నన్ను చేయించారు.

"ఎవరింటికాడ దింపమంటారు బావూ?" అని వడ్రంగి అడిగాడు.

"మధ్యలో," అన్నాడు తవిటినాయుడు.

అలా నేను ఉమ్మడి గోడకు ఆనుకుని నిలబడ్డాను. నుయ్యి కూడా ఉమ్మడిదే అనుకోండి, కానీ నూతిని రంపంతో కోయలేరు. ఆ తేడా ఎంత పెద్దదో అప్పట్లో నాకు తెలియదు.

నా మీద అందరికంటే ఎక్కువగా ఎక్కింది అప్పలసూరి పెళ్ళాం బంగారమ్మ. ఒక్కచోట ఊరుకోలేని మనిషి. కడుపుతో ఉండి, నెలలు నిండాక కూడా, చింతపండు అయిపోయిందని అటక ఎక్కింది. చింతపండు చేతికి దొరికిన క్షణానే నొప్పులు మొదలయ్యాయి. దిగడానికి వీల్లేదు, దింపడానికీ వీల్లేదు. మంత్రసానిని తీసుకొస్తే ఆవిడ నా కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది.

"బండిలో పురుడు పోసినాను, సంతలో పురుడు పోసినాను. అటకెక్కి పొయ్యడం ఇదే మొదలు తల్లో!" అని గొణుక్కుంటూ ఎక్కింది.

ఆ మధ్యాహ్నం చింతపండు బుట్టకూ ఆవకాయ జాడీకీ మధ్య ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చేటలో పడుకోబెట్టి కిందికి దించింది తవిటినాయుడి భార్య ఎర్నమ్మ. కింద నన్ను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ తవిటినాయుడు, భార్య ఏ కాలు ఎక్కడ పెట్టాలో "లెఫ్ట్... రైట్... లెఫ్ట్..." అని అరుస్తూనే ఉన్నాడు. ఎర్నమ్మకు ఏది లెఫ్టో ఏది రైటో తెలియదు. అందుకే క్షేమంగా దిగింది.

పిల్లకు ఉమాదేవి అని పేరు పెట్టారు. వీధి మాత్రం అటకమ్మ అనే పిలిచింది. తవిటినాయుడికి పిల్లలు లేరు. ఆ లోటును ఆయన ఊళ్ళో పిల్లలందరి చేతా కవాతు చేయించి తీర్చుకునేవాడు. అటకమ్మ పుట్టాక ఆ బాధ కొంత తగ్గింది, పిల్లలకు. ఆ పిల్ల తూర్పింట్లో అన్నం తిని పడమటింట్లో నిద్రపోయేది, పడమటింట్లో తన్నులు తిని తూర్పింట్లో ఏడ్చేది. రెండిళ్ళ మధ్య తిరిగి తిరిగి గడపలు అరగదీసి, ఒకనాడు పెళ్ళి చేసుకుని సాలూరు వెళ్ళిపోయింది.

ఆ పిల్ల వెళ్ళాక బావలిద్దరికీ మధ్యాహ్నాలు పొడుగైపోయాయి. తవిటినాయుడు రిటైరయ్యాడు. అప్పలసూరికి కళ్ళు మందగించి, మిషను పొద్దున్నే ఆపేసేవాడు. ఇద్దరూ భోజనం కాగానే ఎవరి అరుగు మీద వాళ్ళు నులకమంచం వాల్చుకుని పడుకునేవారు. వాళ్ళ తలల మధ్య ఉన్నది అరుగుల నడిమి చిన్న పిట్టగోడే.

ఇక్కడ నేను సాక్ష్యం చెప్పాలి. అప్పుడు నన్నెవరూ అడగలేదు గనక ఇప్పుడు చెబుతున్నాను. ఇద్దరూ గురక పెట్టేవారు. తవిటినాయుడిది బరువైన గురక, చివర్లో ఈల ఊదినట్టు సన్నగా తేలేది. అప్పలసూరిది పాత మిషను మందపు బట్ట మీద నడిచినట్టు, టకటకమని ఆగి ఆగి వచ్చేది. ఒకరు పీల్చినప్పుడు ఇంకొకరు వదిలేవారు. రెండు ఎద్దులు ఒకే బండిని లాగినట్టు ఉండేది. ఉమ్మడి గోడలోంచి ఆ గురక నా మెట్లదాకా వచ్చి, నాకు కూడా కునుకు పట్టేది.

ఒక వేసవి మధ్యాహ్నం అప్పలసూరి ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

"బావా, నువ్వేటీ అనుకోకపోతే ఒక మాట. ఆ గురక కొంచెం తగ్గించుకో. నాకు కన్ను మూతపడ్డం లేదు."

తవిటినాయుడి మీసాలు రెండూ ఒక్కసారే లేచాయి. "గురకా? నేనా? నీ గురకకే కదయ్యా నేను నిద్ర లేక చస్తున్నాను!"

"నాను గురక పెట్టడవేటి? పుట్టి బుద్దెరిగాక పెట్టలేదు."

"పెట్టలేదని నీకెలా తెలుసు? నిద్రపోతావు కదా!"

"మరి నువ్వు పెట్టలేదని నీకెలగ తెలుసు?"

జవాబు ఇద్దరి దగ్గరా లేదు. జవాబు లేని చోట మనుషులు ఆలోచించాలి, లేకపోతే కోప్పడాలి. భోజనం చేసిన వెంటనే ఆలోచించడం కష్టం.

సాక్ష్యానికి పెళ్ళాలను పిలిచారు. ఎర్నమ్మ చేట పట్టుకుని బయటికొచ్చి, "నాకు చెవుడు," అంది. వీధి చివర బఠానీల బండి గంట మోగితే వంటింట్లోంచి పోల్చుకునే మనిషి! బంగారమ్మ అయితే, "మాయింట్లో మిషను చప్పుడు తప్ప నాకింకేటీ ఇనపడదు," అని తలుపు వేసుకుంది.

చివరికి వీధి పెద్దలు ముగ్గురు తీర్పు చెప్పడానికి వచ్చారు. వాళ్ళకు పెద్ద సన్నాసిరావు, పూర్వం జమీందారు గారి కచేరీలో గుమస్తా. వచ్చినవాళ్ళకు అన్నం పెట్టకపోతే బాగుండదని ఎర్నమ్మ ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు పెట్టింది. తర్వాత ఆ ముగ్గురూ రెండు మంచాల మధ్య బెంచీ వేసుకుని కూర్చున్నారు.

"ఇక మీరిద్దరూ నిద్రపోండి. మేం వింటాం," అన్నాడు సన్నాసిరావు.

బావలిద్దరూ కళ్ళు మూసుకుని పడుకున్నారు. ఇద్దరికీ నిద్ర రాలేదు. ముందు నిద్రపోయినవాడు దొరికిపోతాడని ఇద్దరి భయం. కాసేపటికి బెంచీ మీద గుమ్మడికాయ పులుసు తన పని తాను చేసింది. ముందు సన్నాసిరావు తల వాలింది, తర్వాత మిగిలిన ఇద్దరివీ వాలాయి. ముగ్గురూ కలిసి ఎత్తుకున్న గురకకు కప్పు మీది కోతులు పిల్లలను పొట్టకు హత్తుకుని పక్క వీధికి దూకేశాయి.

తవిటినాయుడు ఒక కన్ను తెరిచాడు. అటువైపు అప్పలసూరి కూడా ఒక కన్ను తెరిచి ఉన్నాడు. నోళ్ళు తెరుచుకున్న ముగ్గురు న్యాయమూర్తుల మీదుగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పలసూరి పెదవి వణికింది. తవిటినాయుడి మీసం కొస అదిరింది. ఎవరో ఒకరు నవ్వి ఉంటే తగువు అక్కడితో అయిపోయేది. కానీ ముందు నవ్వినవాడు ఓడిపోయినట్టని ఇద్దరూ ఒకేసారి అనుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

నిద్ర లేచిన సన్నాసిరావు కండువా దులుపుకుని తీర్పు చెప్పాడు: "మాకు ఏ చప్పుడూ వినపడలేదు."

ఆ తీర్పుతో మాటలు పూర్తిగా పోయాయి. అప్పలసూరి మంచం లోపలి గదిలోకి మారింది. మాటలు పోయాక పంపకాలు రావాలి కదా. పంచుకోవడానికి నేనున్నాను.

వడ్రంగి నన్ను కోయనన్నాడు. "నా సేత్తో సేసినదాన్ని నాను కొయ్యలేను బావూ," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. దాంతో కర్రల అడితి నుంచి ఇద్దరు లాగే పెద్ద రంపం తెప్పించుకుని బావలే పనికి దిగారు. అప్పలసూరి మెడలోంచి టేపు తీసి, పంట్లానికి తీసినట్టు నాకు కొలత తీశాడు. సగం సరిగ్గా నడిమెట్టు మీదికి వచ్చింది. ఆ మెట్టు ఎవరికి రావాలి? ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు గనక నాతో మాట్లాడారు.

"ఒలే నిచ్చెనా, ఆ మెట్టు మాదని ఆ పక్కాయనకి సెప్పు."

"నిచ్చెనా, మెట్టుకు పైన ఒకసారి, కింద ఒకసారి కోస్తే ఎవరికీ రాదు. ఆ దర్జీకి చెప్పు."

"అలగేనని సెప్పు."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా మాటలు అందాయి. రంపం మొదలైంది. మొదట్లో ఒకరు లాగితే ఇంకొకరు కూడా లాగి పళ్ళు ఇరుక్కున్నాయి. అప్పుడు తవిటినాయుడు అలవాటు కొద్దీ "వన్... టూ... వన్... టూ..." అన్నాడు. ఆ లెక్కకు అప్పలసూరి చేతులు కలిశాయి. "నిచ్చెనా, కొంచెం ఎడమకి వొంచమను." "వంచాను. చెమట కళ్ళలో పడుతోంది, తుడుచుకోమను." అంత ఒద్దికగా పనిచేసిన మనుషులను నేను మళ్ళీ చూడలేదు. చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇద్దరు స్నేహితులు కలిసి ఏదో కడుతున్నారనుకునేవారు.

నడిమెట్టు తెగి కింద పడింది. ఎర్నమ్మ వచ్చి, ఇద్దరినీ ఎగాదిగా చూసి, దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీద వండిన పప్పు ఎప్పటిలాగే రెండు గిన్నెల్లో పోసి ఒకటి పడమటింటికి పంపింది.

పై సగం తూర్పింటికి, కింది సగం పడమటింటికి వెళ్ళాయి. అప్పటినుంచి నేనెవరో నాకే సరిగ్గా తెలిసేది కాదు. పై సగం మీద ఎర్నమ్మ చీరలు ఆరేవి. కింది సగం మీద బంగారమ్మ కోళ్ళు కూర్చునేవి. ఒకవైపు సబ్బు వాసన, ఇంకోవైపు కోళ్ళ కంపు. నా తల ఒక ఇంట్లో, కాళ్ళు ఇంకో ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో నాకు ఒక సంగతి వినిపించింది, లేదా వినిపించడం మానేసింది. తూర్పు అరుగు మీద తవిటినాయుడు అటు తిరిగి, ఇటు తిరిగి, లేచి మంచినీళ్ళు తాగి, మళ్ళీ పడుకునేవాడు. గురక లేదు. నిద్రా లేదు. లోపలి గదిలో అప్పలసూరిదీ అదే వరస.

వానలు దగ్గర పడ్డాయి. కోతులు కూడా తిరిగి వచ్చాయి. ఒకరోజు ఎర్నమ్మ సంతకు వెళ్ళింది. అన్నం తిన్నాక తవిటినాయుడు కప్పు కేసి చూశాడు. పెంకులు సర్దాలి. సగం నిచ్చెన చూరు దాకా అందదు. పక్కింటి సగం అడగడానికి మీసాలు ఒప్పుకోవు. బడివాళ్ళు పాతదని పారేస్తుంటే తెచ్చుకున్న బల్ల ఒకటి పెరట్లోకి లాగి, దాని మీద నా పై సగాన్ని నిలబెట్టి ఎక్కాడు. ఆయన మడమలు వణకడం నాకు తెలిసింది. ఎలాగో కప్పు మీదికి పాకాడు. ఆఖరి తోపుకు బల్ల ఒరిగింది, నేను ధడాలున కింద పడ్డాను.

ఆయన నన్ను చూసుకోలేదు. పెంకులన్నీ వరసలో పెట్టి, ముందుకు చూసి, వెనక్కు చూసి, బడిపిల్లలను చూసినట్టు తృప్తిగా చూసి, దిగుదామని వచ్చి చూస్తే నేల మీద నేను. మెడలో ఈల ఉంది. ఊదితే వీధంతా వస్తుంది. ముందుగా వచ్చేది అప్పలసూరి. అందుకని ఊదలేదు. ఎర్నమ్మ వచ్చేదాకా కూర్చుందామనుకున్నాడు. పైన మబ్బు పట్టింది, గెడ్డ నీళ్ళ మీంచి చల్లగాలి వీచింది. ఎన్నాళ్ళ నుంచో కంటికి అందని కునుకు అక్కడ, పెంకుల వాలు మీద, చెప్పాపెట్టకుండా వచ్చింది. వెల్లకిలా వాలాడు. నిద్రపోయాడు.

గురక మొదలైంది.

పడమటింట్లో లంగా బొందులు కుడుతున్న అప్పలసూరి మిషను ఆపేశాడు. చెవి రిక్కించాడు. చిన్నపిల్లవాడిలా ఎగిరి గంతేసి పెరట్లోకొచ్చి పైకి చూశాడు. "దొరికినాడు!" అన్నాడు. వీధిలోకి పరిగెత్తి సన్నాసిరావును, మిగిలిన పెద్దలను, కనిపించినవాళ్ళందరినీ పిలుచుకొచ్చాడు. పెరడు నిండిపోయింది. అందరూ తలలెత్తి విన్నారు. సందేహం లేదు. చివరి ఈల కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

"ఇన్నారా? ఇప్పుడు సెప్పండి ఎవుడిదో!" అని అప్పలసూరి చేతులు చాపాడు.

అప్పుడు బంగారమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఒలమ్మో... జారతన్నాడు!"

నిజమే. గురక పీల్చినప్పుడు ఆయన పొట్ట పైకి లేస్తోంది. వదిలినప్పుడు ఒళ్ళంతా కొంచెం కిందికి జారుతోంది. పాదాలు చూరు దాటి బయటికి వచ్చాయి. సరిగ్గా వాటి కింద నూతి చప్టా, అంతా రాయి. ఎవరో "మాస్టారూ!" అని అరవబోతే అప్పలసూరి ఎగిరి వాడి నోరు మూశాడు.

"అరిస్తే ఉలిక్కిపడి దొర్లిపోతాడు. ఎవుడూ నోరెత్తకండి. నిచ్చెన... నిచ్చెన తెండి."

ఎవరూ కదల్లేదు. అందరూ ఆయన వైపే చూశారు. ఆయన మాత్రం కోళ్ళ కేసి చూశాడు.

కోళ్ళను తోలి నా కింది సగాన్ని లాక్కొచ్చారు. బల్ల పక్క నుంచి పై సగాన్ని తెచ్చారు. కట్టడానికి మోకు ఏదీ? చేదతాడు చివికిపోయింది. అప్పలసూరి లోపలికి పరిగెత్తి, వీధి ఆడవాళ్ళ లంగాలకు ఎక్కించాల్సిన బొందులన్నీ ఒడిలో పోసుకొచ్చాడు. ఎర్రవి, పచ్చవి, తెల్లవి. నా రెండు సగాలను ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కించి, ఆ బొందులతో చుట్టి చుట్టి బిగించాడు. పూర్వం రాజులు ఏనుగును కూడా ఇంత రంగురంగులుగా అలంకరించి ఉండరు. నలుగురు నన్ను పట్టుకుని చూరుకు చప్పుడు కాకుండా ఆనించారు.

"నానెక్కుతాను. ఆ ముళ్ళ సంగతి నాకే తెలుసు," అన్నాడు అప్పలసూరి.

ఆయన అరికాళ్ళు నా మీదికి వచ్చాయి. చెమటతో తడిసి ఉన్నాయి. ఆ ముసలి దర్జీ ఎంత తేలికో నాకు ఆ రోజు తెలిసింది. కట్టిన చోటికి వచ్చేసరికి బొందులు కిర్రుమన్నాయి. అదే సమయంలో పైన గురక ఆగిపోయింది.

తవిటినాయుడు గొంతులో ఏదో గొణిగి, తల కదిపి, పక్కకు తిరగబోయాడు. తిరిగితే చప్టా మీదే.

అప్పలసూరి నా మీద నిలబడి, కళ్ళు మూసుకుని, గురక పెట్టాడు.

అచ్చం ఆయన గురకే. టకటకమని, ఆగి ఆగి, పాత మిషను మందపు బట్ట మీద నడిచినట్టు. తనెన్నడూ వినని తన గురకను ఎక్కడినుంచి తెచ్చాడో నాకు తెలియదు. ఒకసారి పెట్టాడు, కాసేపు ఆగాడు, మళ్ళీ పెట్టాడు. పైన తవిటినాయుడు తిరగబోయినవాడు తిరగలేదు. ఆ చప్పుడు వింటూ దుప్పటి కప్పినట్టు సర్దుకున్నాడు. పెద్ద నిట్టూర్పు వచ్చింది. దాని వెనకే ఈలతో గురక వచ్చింది. ఇటు ఒకటి, అటు ఒకటి. ఒకరు గురక పెడుతూ, ఇంకొకరు గురక పెడుతూ ఎక్కుతూ. కింద వీధి వీధంతా నోరు తెరిచి నిలబడింది. సన్నాసిరావు ఎందుకో కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పలసూరి కప్పెక్కి, బొందు ఒకటి తవిటినాయుడి మొలకు చుట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని, వాసానికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. అప్పుడు మెల్లగా భుజం తట్టాడు.

"బావా."

తవిటినాయుడు కళ్ళు తెరిచాడు. "ఏం బావా, నువ్విక్కడేం చేస్తున్నావు?"

"కదలకు. మొలకి బొందు కట్టినాను. నిదానంగా లెగు."

తవిటినాయుడు తన కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. కింద చప్టా చూశాడు. పెరడు నిండా మనుషులను చూశాడు. అందులో పెద్దలు ముగ్గురూ ఉండడం చూశాడు. మీసాలు మెల్లగా వాలిపోయాయి.

"గురక విన్నారా వీళ్ళంతా?"

"ఇన్నారు."

"ఎవరిది?"

ఇన్నాళ్ళుగా అప్పలసూరి ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. సాక్షులు ఉన్నారు, న్యాయమూర్తులు ఉన్నారు, దొంగ దొరికాడు.

"నాదే బావా," అన్నాడు అప్పలసూరి, కింద అందరికీ వినపడేటట్టు. "నిచ్చెన మీద నిలబడి పెట్టినాను. కావాలంటే ఈళ్ళందర్నీ అడుగు."

సన్నాసిరావు గొంతు సవరించుకున్నాడు. "అవును మాస్టారూ. మేం చెవులారా విన్నాం. సూరిదే."

మిగిలినవాళ్ళంతా తలలూపారు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు.

తవిటినాయుడు మొలకున్న బొందు తడుముకున్నాడు. "నేను కూడా పెడతానేమో బావా," అన్నాడు చివరికి. "ఎప్పుడైనా."

"ఏమో. నానెప్పుడూ ఇన్లేదు."

ఇద్దరూ దిగారు. పైన అప్పలసూరి బొందు పట్టుకుని, కింద తవిటినాయుడు "లెఫ్ట్... రైట్..." అని తనకు తానే చెప్పుకుంటూ. సరిగ్గా అప్పుడే ఎర్నమ్మ సంచీతో పెరట్లోకి వచ్చింది. జనాన్ని చూసింది, కప్పును చూసింది, మొగుణ్ణి చూసింది. నేల మీద కూలబడి వంకాయలన్నీ దొర్లిపోతున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చి ఎర్ర బొందొకటి వేళ్ళతో పట్టుకుంది.

"ఇది నాది కాదేటి సూరన్నా? ఎల్లుండికల్లా లంగా ఇచ్చేస్తానన్నావు?"

మర్నాడే వడ్రంగిని పిలిచి, ఇనప పట్టీలు వేయించి నా రెండు సగాలనూ అతికించారు. మంచాలు తిరిగి పక్కపక్కనే పడ్డాయి. నడిమెట్టు మాత్రం లేదు. అది ఎప్పుడో పప్పు ఉడికించేసింది. కొత్తది వేస్తానని వడ్రంగి అంటే, "వద్దు, అలాగే ఉండనీ," అన్నాడు తవిటినాయుడు. దాంతో నన్నెక్కే ప్రతివాళ్ళూ నడుమ దగ్గర ఆగి, కాలు బాగా ఎత్తి, పెద్ద అంగ వేయాల్సి వచ్చేది. ఎర్నమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బంగారమ్మ "అమ్మ నీయమ్మ" అని తిట్టుకుంటూ వేసేది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అటకమ్మ వేసేది, దాని కూతురు ప్రణతి నేర్చుకుంది. ఆ పిల్ల సాలూరులో ఎవరి నిచ్చెన ఎక్కినా నడిమధ్యకు రాగానే మెట్టున్నా సరే కాలు పైకెత్తేదట. ఎందుకలా అని అడిగితే, "నిచ్చెన అలాగే కదా ఎక్కాలి?" అనేదట.

తవిటినాయుడు ఒక మాఘమాసంలో భోంచేసి పడుకుని లేవలేదు. ఆ మధ్యాహ్నం పక్క మంచం మీద అప్పలసూరి ఒక్కడే గురక పెడుతూ, మధ్యలో ఆగి, కాసేపు కాచుకుని, లేచి కూర్చున్నాడు. అందరికంటే ముందు ఆయనకే తెలిసింది. మరో రెండేళ్ళకు ఆయనా వెళ్ళిపోయాడు. తర్వాత ఎర్నమ్మ. పోయేముందు రోజు కూడా, "నాకు చెవుడు," అని డాక్టరుకు చెప్పిందట. రెండు పెంకుటిళ్ళూ పడగొట్టి అక్కడ మేడ కట్టారు. మేడకు మెట్లు ఉంటాయి కదా, నాతో పనేముంది? నన్ను మేస్త్రీలు తీసుకుపోబోతుంటే ప్రణతి పరుగున వచ్చి పట్టుకుంది. ట్రాలీ ఆటోలో నన్ను విశాఖపట్నం, మధురవాడలోని తన ఫ్లాటుకు తీసుకెళ్ళింది.

ఇప్పుడు నేను ఆమె బాల్కనీలో గోడకు ఆనుకుని ఉన్నాను. మెట్టుకొకటి చొప్పున పూలకుండీలు పెట్టింది. వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఈ స్టాండు ఎక్కడ కొన్నావే?" అంటారు. ప్రణతి మొదట్లో గురక సంగతి చెప్పేది. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు పొలం తగాదాలో కోశారని చెబుతోంది. పొలం అనేసరికి అందరూ వెంటనే నమ్మేస్తారు.

పోయిన నెల బంగారమ్మ వచ్చింది. నలుగురిలో మిగిలింది ఆవిడే. కళ్ళ పరీక్షకని అటకమ్మ తీసుకొచ్చింది. నడుం వంగిపోయి, అసలే పొట్టి మనిషి ఇంకా పొట్టిదైపోయింది. ప్రణతి లోపల కంప్యూటరు ముందు కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది, అటకమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. బంగారమ్మ బాల్కనీలోకి వచ్చింది. కాసేపు రెండు మేడల మధ్య కారిడారులా మిగిలిన ఆకాశం చూసింది. పక్క ఫ్లాటు బాల్కనీకీ దీనికీ మధ్య నిలువెత్తు గోడ. గోడ అవతల ఎవరో దగ్గారు. ముసలి దగ్గు.

బంగారమ్మ నా దగ్గరికి వచ్చి కుండీలు ఒక్కొక్కటే దించి నేల మీద పెట్టింది. నన్ను జరిపి ఆ గోడకు ఆనించింది. ఎక్కింది.

"అమ్మమ్మా!" ప్రణతి లోపలినుంచి ఉరికి వచ్చి ఆవిడ నడుం పట్టుకుంది. "ఏం చేస్తున్నావ్? దిగు! పడిపోతావ్!"

"సెక్కరకేళి అరటిగెలలాగ పట్టుకోకు. వొదులు."

"అవతలివాళ్ళెవరో కూడా నాకు తెలీదు అమ్మమ్మా!"

"ఎన్నాళ్ళయింది నువ్వీ ఇంట్లో దిగి?"

ప్రణతి పట్టు ఇంకాస్త బిగించింది. బంగారమ్మ ఇంకో మెట్టెక్కి గోడ మీద గడ్డం ఆనించింది.

"ఓలమ్మా! నీదేవూరు?"

అవతల కుర్చీ కిర్రుమంది. "మాది ఆదోని తట్టు. యెవురమ్మా నువ్వు, గోడ మింద తలకాయ పెట్టినావు?"

"నానా? పక్కింటిదాన్ని."

"మా బిడ్డ ఇంట్లో వుండేకి వచ్చినా. పొద్దున్నించి మనిషి నోట మాట విన్లేదు సూడు. ఈ గోడకాడ మెడ పట్టేస్తాది నీకు, దిగి వాకిలి గుండా రా. కాఫీ పెడతా."

"వాకిలి ఎటుందో నాకు తెల్దు. ఇక్కడ అన్ని తలుపులూ ఒక్కలాగే ఉన్నాయి," అంది బంగారమ్మ. "నువ్వే ఒక నిచ్చెన తెచ్చుకో."

ప్రణతి పట్టు వదలలేదు గాని, దిగమని మళ్ళీ అనలేదు. ఇద్దరు ముసలమ్మలూ మెంతికూర గురించి, మోకాళ్ళ గురించి, అల్లుళ్ళ గురించి అన్నం వేళ దాకా మాట్లాడుకున్నారు.

మర్నాడు పొద్దున్నే గోడకు అవతలివైపు ప్లాస్టిక్ స్టూలు ఈడ్చిన చప్పుడైంది. స్టూలు నిచ్చెన కాదు, దానికి మెట్లే లేవు. అయినా ఆ రోజుకు దాన్ని మా జాతిలో కలుపుకున్నాను.